తలకాయ ఎక్కడ బావగారూ?

రాయి పగలగొడితే అందులోంచి చేప అస్థిపంజరం బయటపడిందని బావగారు వాట్సాప్‌లో చుట్టాలందరికీ ప్రకటించేశారు. మా ఇంట్లో జువాలజీ చదివింది నేనొక్కణ్ణే కాబట్టి దాని పేరు తేల్చే పని నా నెత్తిన పడింది.

ఫొటో చూస్తే చేప కాదు. పొడవునా మూడు గట్లు, అడ్డంగా వరసగా గీతలు. ట్రైలోబైట్! సుమారు 52 కోట్ల ఏళ్ల కిందటి సముద్రాల్లో కనిపించి, 25 కోట్ల ఏళ్ల కిందట పూర్తిగా అంతరించిపోయిన కీళ్లకాళ్ల జీవి. ఆ మాట చెప్పగానే బావగారు చిన్నబుచ్చుకున్నారు. 1698లో ఎడ్వర్డ్ లూయిడ్ అంతటి పండితుడే వేల్స్‌లో దొరికిన ట్రైలోబైట్‌ని చూసి, అదేదో బల్లపరుపు చేప అస్థిపంజరమని రాశాడని చెప్పాక కాస్త తేరుకున్నారు. ఆనాటి నుంచి ఆ పెద్దమనిషి పేరు ఆయన నోట్లో నానుతూనే ఉంది.

ట్రైలోబైట్ అంటే సరిపోదు, ఏ జాతో చెప్పమన్నారు. వాటిలో 20 వేలకు పైగా జాతులున్నాయి మహాప్రభో అన్నాను. అప్పటికే ఆయన లావుపాటి శిలాజాల పుస్తకం కొనేశారు. అందులో ఏ పేజీ తిప్పినా తన రాయే కనిపిస్తోందట.

"పొడవెంత బావగారూ?"

"ఫొటో పంపానుగా, చూసుకో."

ఫొటోలో రాయి తప్ప ఇంకేమీ లేదు. అది వేలెడుందో జానెడుందో దేవుడికే తెలియాలి. పక్కన స్కేలు పెట్టి తీయమన్నాను. పెట్టారు, అంకెలున్న వైపు కిందికి బోర్లించి. పైగా ఫ్లాష్ వేసి తీయడంతో ఉన్న గట్లు కూడా మాయమయ్యాయి. పక్క నుంచి వాలుగా లైటు పడితేనే ఎత్తుపల్లాలు తెలుస్తాయని చెబితే, ముందే చెప్పొద్దా అని నన్నే కసిరారు.

ఇక నడుము భాగంలో అడ్డపట్టీలు లెక్కపెట్టమన్నాను. గుర్తుపట్టడానికి అది చాలా ముఖ్యం. ఫేకాప్స్ అనే రకం ట్రైలోబైట్‌కైతే 11 ఉంటాయి, ఎల్రేథియా కింగై అనే ఇంకో రకానికైతే 13. బావగారికి 11 వచ్చాయి, అక్కకి 13, మేనకోడలికి 17. ముగ్గురూ కలిసి ఇల్లు పీకి పందిరేశారు. అసలు సంగతేమిటంటే, తోక మీదా అలాంటి గీతలే ఉంటాయి. కాకపోతే అక్కడ పట్టీలన్నీ అతుక్కుపోయి ఒకే పలకగా మారిపోతాయి. నడుము ఎక్కడ ఆగి తోక ఎక్కడ మొదలైందో తేల్చుకోకపోతే ఎవరి లెక్క వాళ్లదే. నన్నడిగితే, ఉన్న గీతలన్నీ నిజాయితీగా లెక్కపెట్టింది మేనకోడలే.

"సరే, తల చూపించండి. కళ్లు చూడాలి."

తలలో నడిమి గట్టు కొంచెం ఉంది. పక్కలకి ఉండాల్సిన బుగ్గలు లేవు. చాలా ట్రైలోబైట్లు కుబుసం విడిచేటప్పుడు ఆ బుగ్గలే ముందు ఊడతాయి, కళ్లు కూడా వాటితోనే పోతాయి. కాబట్టి ఇది కుబుసం అయ్యుండొచ్చన్నాను.

"అంటే మనకి దొరికింది ఆసామి కాదా, విడిచేసిన చొక్కానా? కోట్ల ఏళ్ల నాటి శవమని ఆఫీసంతా చెప్పేశానురా!"

"కంగారు పడకండి. బుగ్గలు రాయి రెండో సగానికి అంటుకుని ఉండొచ్చు. అదేది?"

"అందులో ఏముంది, ఉత్త గుంట. పారేసినట్టున్నాం."

"పారేయలేదు," వెనక నుంచి అక్క గొంతు. "అలమరా ఊగుతోందని కాలి కింద పెట్టాను."

గుంట పడిన ముక్క కూడా శిలాజమేనని, ముక్కలు విడిపోతే మహామహులే బోల్తా పడతారని వీడియో కాల్‌లో ఉపన్యాసం మొదలుపెట్టాను. అనోమలోకారిస్ అనే జీవి ముందు అవయవాన్ని 1892లో రొయ్య మొండెం అన్నారు, నోటిని 1911లో జెల్లీఫిష్ అన్నారు, అన్నీ కలిపి ఒకే జంతువని తేల్చేసరికి 1985 వచ్చింది. నా ఉపన్యాసం ఇంకా అక్కడ ఉండగానే బావగారు అలమరా ఎత్తారు, మేనకోడలు రాయి లాగింది, తలుపు తెరుచుకుని పై అరలోని దుప్పట్లన్నీ ఆయన మీద పడ్డాయి. ఆ తర్వాత కాసేపు నాకు సీలింగ్ ఫ్యాను తప్ప ఏమీ కనిపించలేదు.

రాయి బాగానే ఉంది, ఒక్కచోట తప్ప. అలమరా కాలు సరిగ్గా తల మీదే ఆనింది. అక్కడంతా పొడి పొడి. అయినా ఒక పక్క బుగ్గ మిగిలింది, దాని మీద నలుసంత కన్ను. ట్రైలోబైట్ల కంటి కటకాలు కాల్సైట్ అనే ఖనిజంతో తయారైనవి, అందుకే ఇన్ని కోట్ల ఏళ్ల తర్వాత కూడా అలా నిలిచిపోతాయి.

"బుగ్గ ఊడలేదంటే ఇది కుబుసం కాకపోవచ్చు," అన్నాను.

"కాకపోవచ్చు" అన్నది బావగారికి వినపడలేదు. దుప్పట్లలోంచి లేచి, "శవమే! మా ఇంట్లో ఉన్నది శవమే!" అని ఆనందంతో కేకలు పెట్టారు. పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు.

జాతి పేరు మాత్రం ఇంకా తేలలేదు. ఆ లావుపాటి పుస్తకం చూసుకోమంటే కుదరదంటున్నారు. ఇప్పుడది అలమరా కాలి కింద ఉందట.