మెంతుల డబ్బా వెనక దాచిన బిళ్లలు

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పెద్దమ్మ వంటింట్లో, మెంతుల డబ్బా వెనక, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ బిళ్లల అట్టలు 18 దొరికాయి. ఒక్కదానిలోనుంచీ ఒక్క బిళ్ల కూడా తీసి లేదు. చెప్పు ఒరుసుకుని మడమ దగ్గర పడ్డ చిన్న పుండు నెల దాటినా మానకపోవడంతో, డాక్టరు రాసిన పాత చీటీ కోసం వెతుకుతుంటే ఇవి బయటపడ్డాయి. కొడుకు అడుగుతాడని మూడు నెలలుగా కొంటూనే ఉంది, కానీ మింగలేదు.

ఆ మూడు నెలలూ ఆమె పరగడుపున కాకరకాయ రసం తాగింది, రాత్రి నానబెట్టిన మెంతులు నమిలింది, తెలిసినవారు అంటగట్టిన ఏదో పొడిని నెలకు 2,000 రూపాయలు పెట్టి కొని వేడినీళ్లలో కలుపుకుంది. ఆ డబ్బా మీద షుగర్ సమూలంగా పోతుందని పెద్ద అక్షరాలతో ఉంది. లోపల ఏ మూలిక ఎంత ఉందో మాత్రం ఎక్కడా లేదు. షుగరును నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. ఇలాంటి కొన్ని పొడుల్లో చెప్పకుండా అల్లోపతి షుగరు మందే కలిపి అమ్మిన సంగతులు పరీక్షల్లో బయటపడ్డాయి కూడా. అదే నిజమైతే, కెమికల్ వద్దని పారిపోయిన మనిషి మోతాదు తెలియని కెమికల్‌నే మింగుతున్నట్టు.

ఎందుకు మానేశావు పెద్దమ్మా అని అడిగితే, "రోజూ బిళ్లలు మింగితే కిడ్నీలు పోతాయంటమ్మా" అంది. ఈ మాట మన ఊళ్లలో వినని ఇల్లు లేదు. కిడ్నీలు అప్పటికే బాగా దెబ్బతిన్నవారికి డాక్టర్లు మెట్‌ఫార్మిన్ మోతాదు తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు. ఆ ముక్క ఎక్కడో చెవిన పడి, బిళ్లే కిడ్నీలను తినేస్తుందన్న భయంగా మారి ఇంటింటికీ చేరింది. నిజానికి ఏళ్ల తరబడి అదుపు తప్పిన చక్కెరే కిడ్నీలను, కళ్లను, కాళ్ల నరాలను దెబ్బతీస్తుంది. అదీ నొప్పి తెలియకుండా. అందుకే ఆమె ఆ మూడు నెలలూ "ఒంట్లో బాగానే ఉంది" అనుకుంది. రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో మాత్రం అంతకుముందు 7.1 ఉన్నది 11.2కు చేరింది.

మొక్కల మందంటే నాకు చులకన లేదు. మెట్‌ఫార్మిన్ పుట్టుక వెనక కూడా యూరప్‌లో పూర్వం నుంచి వాడిన గెలీగా అనే మొక్క ఉంది. దానిలోని పదార్థం విషపూరితం కావడంతో, అదే కోవకు చెందిన భద్రమైన రూపం కోసం వెతికి, 1922లో ప్రయోగశాలలో తయారైన మెట్‌ఫార్మిన్‌ను 1957 నుంచి రోగులకు వాడడం మొదలుపెట్టారు. ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నది పరీక్షలు చేసి తేల్చారు. ఆ లెక్క గ్లాసుడు కాకర రసానికి ఎవరు కట్టారు?

నా కోపంలో సగం డాక్టర్ల మీద కూడా ఉంది. రెండు గంటలు కూర్చోబెట్టి రెండు నిమిషాలు కూడా మాట్లాడకపోతే, పెద్దవాళ్లు తమ భయాన్ని ఓపిగ్గా వినే పొడి అమ్మేవాడి దగ్గరికే వెళతారు. ఈసారి కొత్తపేటలో చూపించిన డాక్టరుగారు కాలు పరీక్షించాక, "ఇంట్లో ఇంకేం వాడుతున్నారమ్మా?" అని అడిగారు. పెద్దమ్మ కాసేపు నావైపు చూసి, సంచిలోంచి పొడి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని పక్కన పెట్టేశారు. మెంతుల సంగతి ఆమే అడిగింది.

"మెంతులు తినండి. బిళ్ల మానకండి. రెంటి సంగతీ నాకు చెప్పండి."

పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది.