ఐసు మీద వేంచేసిన అల్లుడుగారికి

మహారాజశ్రీ ఎలుక కణితి జెల్ గారికి,

ల్యాబులో కణాలను మీలో పెంచుతూ పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్న మీ దాసురాలు రాయునది. క్షేమమని రాద్దామంటే, నిన్న మీరు, బొట్లు కొలిచి పోసే పిప్పెట్ టిప్పులోనే గడ్డకట్టి కూర్చున్నారు.

సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలుండవు. మైనస్ 20 డిగ్రీల్లో పడక. లేపాలంటే ముందు రోజు సాయంత్రమే ఐసులో పెట్టి, కోల్డ్‌రూమ్‌లో రాత్రంతా ఉంచాలి. టిప్పులు మంచులా ఉండాలి, మిమ్మల్ని బొట్టుగా దించే ప్లేటు మాత్రం 37 డిగ్రీలకు వెచ్చబడి ఉండాలి. మధ్యలో 10 డిగ్రీలు దాటితే బిగుసుకోవడం మొదలెడతారు. ఇది హైదరాబాదండీ, మే నెల, పైగా ఏసీ రిపేరులో ఉంది.

మీ గొప్ప కాదనను. ప్లాస్టిక్ డిష్ అడుగున అప్పడాల్లా పరుచుకునే కణాలు మీ ఒడిలో లేచి, బోలు బంతులు కట్టుకుంటాయి. 2009లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం ఎలుక పేగు మూలకణాన్ని మీలో ఉంచితే, ఒక్క కణం నుంచే బుల్లి పేగు తయారైంది. అప్పట్నుంచి మీ ముందు అందరం చేతులు కట్టుకునే ఉన్నాం.

వంశం అడిగితే మాత్రం గుటకలు మింగుతారు. పుట్టిల్లు ఎలుక ఒంట్లోని ట్యూమర్. ఎక్కువ భాగం లామినిన్ అనే ప్రొటీను, తర్వాత కొలాజెన్-4, ఎంటాక్టిన్ అనేవి... ఆపైన కణాలను పెరగమని పురమాయించే గ్రోత్ ఫ్యాక్టర్లూ, అవీ ఇవీ. వెతికినవాళ్లకు వెయ్యికి పైగా ప్రొటీన్లు దొరికాయి. (మా అమ్మమ్మ ఆవకాయలో కూడా ఏముందో ఇంతకంటే స్పష్టంగా చెప్పగలను.)

అందుకే పోయిన లాట్‌లో (అంటే మీ పోయిన బ్యాచ్‌లో) మొగ్గలు తొడిగిన ఆర్గనాయిడ్లు, అదే ఆ బుల్లి అవయవాలు, ఈ లాట్‌లో గుండ్రంగా ముడుచుకు కూర్చున్నాయి. "ఏం మార్చావమ్మా?" అన్నారు గైడుగారు. నేనేం మార్చలేదు సార్, మారింది అల్లుడుగారు.

సంబంధాలు వేరేవి చూడకపోలేదు. సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్ జెల్ గారు కాస్త కాల్షియం పోస్తే చాలు, గట్టిపడతారు. పీఈజీ (పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే కృత్రిమ జెల్) గారైతే ఒంట్లో ఏముందో అణాపైసలతో సహా చెబుతారు, ఎంత గట్టిగా ఉండమంటే అంత గట్టిగా ఉంటారు. కాకపోతే ఉత్త ఖాళీ ఇల్లు. కణాలు పట్టుకోవడానికి పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్కల) పిడులు మనమే బిగించాలి, అవి కొరుక్కుంటూ పోవడానికి దారులూ మనమే పెట్టాలి. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో లుటాల్ఫ్ బృందం 2016లో అలాంటి జెల్‌లోనే పేగు మూలకణాలను పెంచి చూపించింది. నాకు థీసిస్ గడువు ఆర్నెల్లే.

కాబట్టి మిమ్మల్నే మళ్లీ ఐసులో పెట్టి ఇంటికి వెళ్తున్నాను. కోల్డ్‌రూమ్ తలుపు మీద "దయచేసి తెరిచి వదలొద్దు" అని కాగితం అంటించాను. పొద్దున తొమ్మిదింటికి వస్తా. అప్పటిదాకా అలగకండి.

ఇట్లు,
ఫ్రీజర్‌లో టిప్పులు దాచుకునే
మీ దాసురాలు