మందు అమ్మనివాళ్ల మాట

రొయ్యల గుంటలో జబ్బు కనపడగానే రైతు మొదటి ఫోన్ ఎవరికి చేస్తాడో తెలుసా? మందుల షాపుకి. రెండోది మేత డీలరుకి. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చున్న అమ్మాయికి, ఊళ్లోని మత్స్య సహాయకుడికి ఫోన్ వెళ్లేది అంతా అయిపోయాక, నష్టపరిహారం మాట వచ్చినప్పుడే. ఈ వరుస మీద నాకు చాలా రోజులుగా కోపం ఉంది. పోస్ట్ పెద్దదే, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

తిరుపతిలో కూర్చుని నీకు రొయ్యల గోల ఎందుకు అంటారేమో. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మన జిల్లాకి సముద్రం కూడా వచ్చింది. వాకాడు, తడ మనవే. పులికాట్ అంటే మనవాళ్లకి ఫ్లెమింగోల ఫొటోలు తప్ప ఇంకేం గుర్తు రాదు, అది వేరే ఏడుపు. మా మేనమామ గుంటలు వాకాడు వైపు ఉన్నాయి కాబట్టి ఈ టెన్షన్ మా ఇంట్లో భోజనాల దగ్గరికి కూడా వస్తుంది.

ఒకసారి ఆయన గుంటలో రొయ్య ఎదుగుదల ఆగిపోయింది. ఫిషరీస్ చదివిన కుర్రాడొకడు వచ్చి మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే ఎత్తి చూశాడు, శాంపిల్ తీసుకున్నాడు, మేత తగ్గించమన్నాడు. "మందేం వేయమంటావ్ సార్?" అని మామ అడిగాడు. "ఏమీ వద్దన్నా, డబ్బులు దండగ" అన్నాడు ఆ కుర్రాడు. అతను బండెక్కగానే మామ మాట: "ఏమీ వద్దని చెప్పడానికి అంత దూరం నుంచి రావాలా?" సాయంత్రానికి షాపువాడు వచ్చి అట్టపెట్టె నిండా సీసాలు దించి పోయాడు. మామ మనసు కుదుటపడింది. గుంట మాత్రం అలాగే ఉంది.

మామని తిట్టి లాభం లేదు. షాపువాడు అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తుతాడు. మేత అరువిస్తాడు, మందు అరువిస్తాడు, రొయ్య పట్టుబడి అయ్యాక లెక్క చూసుకుందాం అంటాడు. అరువిచ్చినవాడి మాట కాదనడం ఎంత కష్టమో అప్పు చేసిన ప్రతివాడికీ తెలుసు. ఆ సలహా ఉచితం కాదు, దాని ధర సీసా మీద వేసి ఉంటుంది. సీసా అమ్మకుండా సలహా చెప్పేవాడికి జీతం ఎవరివ్వాలన్నదే అసలు గొడవ.

ఎందుకంటే ఈ సాగులో పెద్ద జబ్బులకి మందే లేదు. వైట్ స్పాట్ వైరస్. ఒకసారి గుంటలో పడిందంటే ఏ యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి ఇంకో రకం, రొయ్యని చంపదు, పెరగనివ్వదు. మేత ఖర్చవుతూనే ఉంటుంది, కౌంట్ (కిలోకి తూగే రొయ్యల లెక్క) మాత్రం దిగదు. రెండింటికీ చేయాల్సిందంతా పిల్ల వదలకముందే: గుంట ఎండబెట్టడం, దున్నడం, సున్నం వేయడం, సీడ్‌కి, అంటే ఆ పిల్లకి, జబ్బు ఉందో లేదో చెప్పే పీసీఆర్ టెస్ట్ చేయించడం, పీతలు రాకుండా గట్టు చుట్టూ కంచె కట్టడం, పిల్ల పలచగా వదలడం. వీటిలో షాపువాడికి లాభం తెచ్చేది ఏముంది? అందుకే వీటి గురించి ఎవరూ రాత్రిపూట ఫోన్ చేసి మరీ చెప్పరు.

ఇప్పుడు అందరూ వేసే విదేశీ రొయ్య వనామీకి చదరపు మీటరుకి అరవైకి మించి పిల్ల వేయకూడదని, తీరం సాగుని చూసే కేంద్ర సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన పెట్టింది. ఫారం మురుగునీటిని శుద్ధి చేశాకే వదలాలి. ఈ అథారిటీ కూడా ఊరికే రాలేదు. 1994, 95లో నెల్లూరు తీరంలో టైగర్ రొయ్య జబ్బుతో పోయింది. ఆ రోజుల్లోనే తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకి వెళ్లారు. పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు తీరం వెంట తిరిగి రిపోర్టు ఇచ్చారు. ఊళ్ల తాగునీళ్లు ఉప్పగా మారడం, పొలాలు చవుడు తేలడం, అన్నీ కోర్టు ముందుకొచ్చాయి. తీరం దగ్గరి రొయ్యల గుంటలు తీసేయమని 1996 డిసెంబరులో వచ్చిన తీర్పు చూసి అప్పుడు రైతులంతా గుండెలు బాదుకున్నారు. 2005లో ఈ అథారిటీని పెట్టిన చట్టం వచ్చింది. శాస్త్రవేత్త రిపోర్టుకి విలువ రావాలంటే కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది, అదీ మన పరిస్థితి.

ఇంత జరిగాక 2009లో వనామీకి అనుమతి ఇచ్చారు, మళ్లీ డబ్బు కనపడింది, పాత సంగతి మర్చిపోయాం. విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యల్ని చెన్నై నీలాంకరైలో క్వారంటైన్‌లో పెట్టి, పరీక్ష చేశాకే పిల్లని పుట్టించే హేచరీలకి పంపుతారు. అక్కడ అంత జాగ్రత్త. ఇక్కడ గుంట దగ్గర మాత్రం జబ్బు పడిన నీళ్లని రాత్రికి రాత్రే కాలువలోకి వదిలేస్తారు. తెల్లారి పక్కవాడు అదే నీళ్లు తోడుకుంటాడు.

ఈ పక్కవాడి సమస్యకి జవాబు మన రాష్ట్రంలోనే దొరికింది. పశ్చిమ గోదావరి మొగల్తూరులో చిన్న రైతుల్ని కూడగట్టి ఆక్వా క్లబ్ పెట్టించారు. సీడ్ అందరూ కలిసి కొనాలి, ఒకేసారి వదలాలి, ఎవరి గుంటలో జబ్బు పడినా దాచకుండా చెప్పాలి. ఆ దారిలోనే సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా, ఇలాంటి రైతు సంఘాల కోసం 2007లో నాక్సా అనే సంస్థని పెట్టింది. ఆఫీసు కాకినాడలో. వాళ్ల ఫీల్డ్ మనుషులు చేసేది వినడానికి సాదాసీదా పని. ఒకరి మొహం ఒకరు చూసుకోని రైతుల్ని ఒకచోట కూర్చోబెట్టడం. చేసి చూస్తే తెలుస్తుంది అదెంత కష్టమో.

మన తడ దాటితే తమిళనాడు, ఇంకాస్త వెళ్తే చెన్నైలో సీబా. 1987 నుంచి ఉప్పునీటి సాగు మీద పనిచేస్తున్న సంస్థ. బయటి జాతి మీదే ఎల్లకాలం ఆధారపడకూడదని మన తీరపు ఇండికస్ తెల్ల రొయ్య మీద కూడా వాళ్లు పని చేస్తున్నారు. ఆ సంగతి తెలిసిన రైతు మా వైపు నాకు ఇంతవరకు తగల్లేదు. తప్పు రైతుదొక్కడిదే కాదు. సైంటిస్టుల మీద నాకు గౌరవం ఉంది, ఫిర్యాదూ ఉంది. ప్రమోషన్ రీసెర్చ్ పేపర్‌కి వస్తుంది, గట్టు మీద గడిపిన మధ్యాహ్నానికి రాదు. అందుకే మంచి సంగతులన్నీ ఇంగ్లీషు పేపర్లలో భద్రంగా ఉంటాయి.

ఇక చదువు సంగతి. ముత్తుకూరు మత్స్య కళాశాల 1991 నుంచి ఉంది. చాలా ఏళ్లు మన తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం కిందే నడిచింది. అక్కడ నాలుగేళ్లు నీళ్లు, మట్టి, జబ్బులు చదివి బయటికొచ్చిన పిల్లల్లో చాలామంది ఎక్కడ తేలతారు? మేత కంపెనీలో సేల్స్. నెల టార్గెట్ తల మీద వేలాడుతుంటే "ఏమీ వద్దన్నా" అనే నోరు వాళ్లకి ఉంటుందా? సర్కారు ఉద్యోగం వచ్చి గ్రామ మత్స్య సహాయకుడైనవాడికి సర్వేలు, యాప్‌లు, పథకాల జాబితాలు. ఆ మిగిలిన టైములో గుంట చూడాలి.

ఎగుమతి ఆగితే మాత్రం అందరికీ సైన్స్ గుర్తొస్తుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్‌ల అవశేషాల భయంతో యూరప్ 2016లో మన రొయ్యల సరుకులో సగానికి సగం తనిఖీ చేయడం మొదలుపెట్టింది. ఆ సీసాల్లో ఏముందో అడగమని ల్యాబ్ పిల్లలు చెప్తే అప్పుడు వినలేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఎగుమతుల మీద వచ్చే డబ్బులో కొంత తీసి, ఏ కంపెనీకీ సంబంధం లేని ఫీల్డ్ మనిషిని మండలానికి ఒకరిని పెట్టండి. సర్వేలు వాళ్లకి అంటగట్టకండి. ఇంకొకటి, శిక్షణ శిబిరాలు. నేను చూసినవన్నీ ఏసీ హాల్లో, ముందు వరసలో లీజుదారులు, వెనక డీలర్లు. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ పడిపోయే వేళకి ఏరియేటర్ దగ్గర మేలుకుని ఉండేవాడు, చెక్ ట్రేలో తేడాని అందరికంటే ముందు చూసేవాడు ఆ హాల్లో ఉండడు, అతన్ని ఎవరూ పిలవరు. శిబిరం గట్టు మీద పెట్టండి, తెలుగులో చెప్పండి. మధ్యాహ్నం మూడు తర్వాత అయితే మేలు, రాత్రి కాపలావాళ్లు అప్పటికి నిద్ర లేస్తారు. భోజనం ప్యాకెట్లు కూడా ముందు వాళ్లకే ఇవ్వండి.