మాగాయ జాడీలో నీళ్లు పోసిందెవరు?

రోహిణి కార్తెలో నెల్లూరు మూలాపేటలో మాగాయ జాడీకి వాసెన కట్టారంటే మూడు రోజులు దాని జోలికి పోకూడదు. ఒంగోలు నుంచి వచ్చిన అల్లుడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అల్లుళ్లకు ఇలాంటివి చెప్పే అలవాటు మనకు లేదు కదా.

మూడో రోజు పొద్దున ఆయన వాసెన విప్పి చూస్తే, పొడిగా వేసిన ముక్కలు సగం జాడీ నీళ్లలో మునిగున్నాయి. పచ్చడికి తడి తగిలితే బూజు పడుతుందని ఆయనకు తెలుసు. అది నిజమే కూడా. చిక్కల్లా ఆ నీళ్లు బయటివనుకోవడంలోనే. నీళ్లన్నీ కరివేపాకు చెట్టు మొదట్లో ఒంపి, ముక్కల్ని మూడుసార్లు కడిగి, మళ్లీ బిరుసెక్కుతాయని మంచినీళ్లలో నానేశాడు.

అత్తగారు స్నానం చేసి వచ్చేసరికి పని పూర్తయింది. అల్లుణ్ని అనకూడదు గనక కూతుర్ని పట్టుకుంది.

"ఏందే ఇది? ఊట యాడ పోశారో అడగవే!"

"ఊటా? ఎవరో నీళ్లు పోసినట్టున్నారత్తయ్యా..."

పోసింది ముక్కలే. కిలో పచ్చిమామిడిలో ఎనిమిది వందల గ్రాములకు పైనే నీళ్లుంటాయి. ముదిరిన కణంలో చోటంతా రిక్తిక అనే తిత్తిదే. కేంద్రకం, మైటోకాండ్రియా వగైరా పెళ్లింట్లో సొంతవాళ్లలాగా గోడవారకు ఒదిగి సర్దుకుంటాయి. నీళ్లూ పులుపూ ఆ తిత్తిలోనే. కిలో ముక్కలకు పావుకిలోకి కాస్త తక్కువగా ఇస్కపల్లి కల్లుప్పు కలిపితే, ముక్కల తడికే అది కరగడం మొదలవుతుంది. వంద గ్రాముల నీళ్లలో 36 గ్రాముల దాకా ఉప్పు కరుగుతుంది. కణరసం అంత చిక్కన కాదు. పలచన వైపు నుంచి చిక్కన వైపుకు త్వచం అనే కణం పొర గుండా నీళ్లు నడవడమే ద్రవాభిసరణం. తోడేవాళ్లక్కర్లేదు, మోటారక్కర్లేదు. పైగా త్వచంలో నీళ్లకోసమే ఆక్వాపోరిన్లనే సన్నటి దారులున్నాయి. వాటిని ఎర్రరక్తకణాల్లో కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకి 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఒక్కో దారిలో సెకనుకు 300 కోట్ల నీటి అణువులు దాటగలవు. సోమశిల గేట్లెత్తినట్టే. సగం జాడీ నిండక ఏం చేస్తుంది?

నీళ్లు పోయేకొద్దీ తిత్తి ముడుచుకుని, కణత్వచం గోడనుంచి ఊడొస్తుంది. ఈ దశలో మంచినీళ్లు తగిలితే కోలుకోవచ్చు. స్టోన్‌హౌస్‌పేట బజార్లో వడలిన తోటకూర నీళ్లు చల్లగానే లేచి కూచునేది అందుకే, దాని కణాలింకా బతికే ఉంటాయి. అల్లుడు లెక్క కట్టింది ఆ తోటకూరని చూసే. మూడు రోజులు ఉప్పులో ఊరిన ముక్కలో త్వచాలు చచ్చి చిల్లులు పడిపోతాయి. ఉప్పు లోపలికీ పులుపు బయటికీ కాపలా లేకుండా తిరుగుతాయి. నీళ్లు పీల్చినా పట్టి ఉంచే సంచి లేదు గనక ముక్క మెత్తబడుతుందే తప్ప కరకరలాడదు. బూజును ఆపాల్సిన ఉప్పూ పులుపూ కూడా ఆ కడుగులోనే పోయాయి. అసలు మాగాయలో సగం రుచి ఊటదే: ముక్కల్ని పిండి ఎండబెట్టి, ఊటనూ విడిగా ఎండలో పెట్టి, మళ్లీ రెండూ కలిపి కారం, మెంతిపిండి, ఇంగువ పోపు వెయ్యాలి. చెట్టుకు పోసింది నీళ్లు కాదు, పచ్చడి!

రెండ్రోజులకు కరివేపాకు రెమ్మలు వాలిపోయాయి. మట్టిలో నీరు వేరులోని రసం కన్నా ఉప్పనైతే వేరు తాగలేదు సరికదా, ఉన్నదీ పోగొట్టుకుంటుంది. ఈసారి అల్లుడికి విషయం సరిగ్గానే అందింది. మొదట్లో బిందెలకొద్దీ మంచినీళ్లు పోస్తే ఉప్పు వేళ్లను దాటి కిందికి దిగిపోతుంది. నిజంగా అదే వైద్యం. బిందె ఎత్తుకుని బయల్దేరాడు.

వసారాలోంచి అత్తగారి గొంతు వినబడింది, కూతురితోనే:

"ఆ చెట్టుకాడికి మాత్రం పోబాకండని చెప్పవే!"