పద్నాలుగో డివిజన్‌లో తువ్వాలు

మా ఊళ్లో ఒక మాజీ ఎమ్మెల్యే గారున్నారు. ఆయన కారు అద్దం మీద ‘ఎమ్మెల్యే’ అన్న మాట వీధి చివర నుంచే కనిపిస్తుంది. ‘మాజీ’ కనిపించాలంటే మాత్రం అద్దానికి ముక్కు ఆనించాలి. మొన్న మున్సిపల్ ఎన్నికల వేడి రాజుకున్నప్పుడు పార్టీ కుర్రాడొకడు ఆయన దగ్గరికెళ్లి, “సార్, మీరు ఏదో ఒక డివిజన్ నుంచి కార్పొరేటర్‌గా నిలబడితే మేయర్ పీఠం మనదే” అన్నాడు. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, మాట్లాడకుండా లోపలికెళ్లి పడుకున్నారు. బీపీ మాత్ర అరకి అర కలిపి వేయాల్సొచ్చిందని ఇంట్లోవాళ్లు చెప్పారు.

ఆయన బాధ అర్థం చేసుకోదగ్గదే. మన రాజకీయ నిచ్చెనకి ఎక్కే మెట్లే ఉంటాయి. వార్డులోంచి కార్పొరేషన్‌కి, అక్కణ్నుంచి అసెంబ్లీకి, ఆపైన అదృష్టముంటే ఢిల్లీకి. దిగడమనే పద్ధతి లేదు, పడటమే. ఈ అజ్ఞానాన్ని పోగొట్టే సదుద్దేశంతో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరపు అనుభవాన్ని పాఠకుల ముందు పెడుతున్నాను. అక్కడ శాసనసభ అనేది ప్రాథమిక పాఠశాల. అందులో బుద్ధిగా చదివి, సభాపతులై, సభా నాయకులై, రాష్ట్రమంతా పేరు తెచ్చుకున్నాక, తగిన అర్హత సంపాదించామని నమ్మకం కుదిరాక, అప్పుడు కార్పొరేటర్‌గా పోటీ చేస్తారు.

నవ్వకండి. లెక్క చూడండి. ఆ నగర జనాభా 39 లక్షలు. కౌన్సిల్ సభ్యులు 15 మంది. 1925లో ఆ అంకె వేశారు. ఊరు ఎన్ని రెట్లు పెరిగినా అంకె పెరగలేదు. మన హైదరాబాద్‌లో 2020లో 150 మంది కార్పొరేటర్లను ఎన్నుకున్నాం. అక్కడ ఒక్కొక్కరికి రెండున్నర లక్షలకు పైగా జనం, అంటే మన అసెంబ్లీ నియోజకవర్గమంత. పైగా సభ్యుడి జీతాన్ని న్యాయమూర్తి జీతానికి ముడేశారు. ఏడాదికి రెండు లక్షల డాలర్లు దాటుతుంది, మన లెక్కలో కోటిన్నర పైమాటే. రాష్ట్ర శాసనసభ్యుడికి వచ్చేది అందులో సగానికి కాస్త ఎక్కువ. శాసనసభ ఉండేది ఎక్కడో కాలిఫోర్నియా రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో, ఇంటి నుంచి ఆరు వందల కిలోమీటర్ల దూరంలో. దిగువ సభకు రెండేళ్లకోసారి ఎన్నిక. మెడలో దండ వాడకముందే మళ్లీ నామినేషన్.

ఇంతకన్నా ఘోరం ఇంకొకటుంది. 1990లో కాలిఫోర్నియా ఓటర్లు 140వ ప్రతిపాదన అని ఒకటి నెగ్గించి, శాసనసభ్యులకు కాలపరిమితి పెట్టారు. దిగువ సభలో ఆరేళ్లు, ఎగువ సభలో ఎనిమిదేళ్లు, ఆ తర్వాత దయచేయండి అన్నారు. (ఎగువ సభంటే మన మండలి లాంటిదే అనుకోవచ్చు, కాకపోతే జనం నేరుగా ఎన్నుకుంటారు. ఒక ఏడాది రద్దు చేయాలని తీర్మానించి మరుసటి ఏడాది ఆ తీర్మానాన్నే రద్దు చేసుకునే ముచ్చట అక్కడ లేదు.) అదే చేత్తో కొత్త శాసనసభ్యులకు పింఛను కూడా ఎత్తేశారు. ఈ వాక్యం మా మాజీ గారికి చదివి వినిపించే ధైర్యం నాకు ఇంకా రాలేదు.

కాలపరిమితి పెడితే నాయకులు ఇంటికెళ్లి మనవలతో ఆడుకుంటారని ఆ ఓటర్లు అనుకున్నారు. ఆర్టీసీ బస్సు ఎక్కినవాళ్లెవరూ అలా అనుకోరు. ఒక బస్సు ఆఖరి స్టాపుకి చేరే లోపే, పక్క ప్లాట్‌ఫాం మీద కదలబోతున్న బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవడం తెలిసిన జాతి మనది. అక్కడ వాళ్లకి తువ్వాలు లేదు గానీ విద్య అదే. 2012లో నియమం మార్చి రెండు సభలకూ కలిపి 12 ఏళ్లు అన్నారు. నగర కౌన్సిల్లో మూడు దఫాలు, ఒక్కో దఫా నాలుగేళ్లు. అంటే అక్కడో 12, ఇక్కడో 12. మధ్యతరగతివాడి ఇంటి అప్పు తీరిపోతుంది.

ఈ శాస్త్రంలో పుణ్యక్షేత్రం 14వ డిస్ట్రిక్ట్, అంటే మన భాషలో పద్నాలుగో డివిజన్. బాయిల్ హైట్స్, ఎల్ సెరెనో, ఈగిల్ రాక్, నడిబొడ్డున డౌన్‌టౌన్, అందులో వేలమంది ఫుట్‌పాత్ మీదే బతికే స్కిడ్ రో. ఈ సీటు మీద మొదట తువ్వాలు వేసినవాడు రిచర్డ్ అలతోరె. 1973 నుంచి దిగువ సభలో ఉండి, 1985లో ఇక్కడికి దిగాడు, కాదు, ఎక్కాడు. తర్వాత ఆంటోనియో వియరైగోసా. దిగువ సభకు స్పీకర్‌గా చేసి, 2001లో మేయర్ పదవికి పోటీపడి ఓడి, 2003లో ఈ సీటు పట్టాడు. నాలుగేళ్లూ ఇక్కడే ఉంటానని జనానికి మాటిచ్చాడు. 2005లో మేయరైపోయాడు. మాట తప్పాడని కొందరన్నారు గానీ, ఆఫీసు నగరంలోనే ఉంది కదా, ఊరు దాటిపోయాడా ఏమన్నా! ఆ వెనక వచ్చిన హోసే విజార్ శాసనసభ చదువు లేకుండా నేరుగా స్కూల్ బోర్డు నుంచి వచ్చినవాడు. 2018లో ఎఫ్‌బీఐ వాళ్లు ఇల్లు సోదా చేస్తే లక్షా ఇరవై తొమ్మిది వేల డాలర్ల నగదు దొరికింది, 2020లో అరెస్టయ్యాడు, 2024లో 13 ఏళ్ల జైలు పడింది. పునాది చదువు లేకపోతే ఇలాగే ఉంటుంది.

అలా ఖాళీ అయిన సీట్లోకి వచ్చిన మహానుభావుడే మన కథానాయకుడు కెవిన్ డి లియోన్.

ఈయన ఆషామాషీ మనిషి కాదు. 2006లో తొలిసారి దిగువ సభకు నిలబడ్డప్పుడు సొంత పార్టీలోనే ఎదురు నిలిచింది రైతుకూలీల నాయకుడు సీజర్ చావెజ్ మనవరాలు. మన దగ్గర మహానాయకుడి మనవరాలు నామినేషన్ వేస్తే మిగతావాళ్లు ఉపసంహరించుకుని ఫొటో దిగుతారు. ఈయన గెలిచాడు. దానికి అప్పటి స్పీకర్ ఈయనకు చిన్ననాటి స్నేహితుడు కావడం కూడా కలిసొచ్చింది. వంశం లేనివాడికి దోస్తీ తోడన్నమాట. నాలుగేళ్లకి ఎగువ సభకి మారాడు, 2014లో ఆ సభకే అధిపతి అయ్యాడు. ప్రమాణ స్వీకారం శాసనసభ మెట్ల మీద చేస్తే ఏం శోభ? లాస్ ఏంజెలెస్‌లో వాల్ట్ డిస్నీ కచేరీ మందిరం తీసుకున్నారు. పని చేయలేదని మాత్రం అనలేం. వలసదారులను కేంద్రానికి పట్టివ్వడంలో స్థానిక పోలీసులు చేయి కలపకుండా ఆపే చట్టం, 2045 నాటికి కరెంటంతా కాలుష్యం లేని వనరుల నుంచే రావాలన్న చట్టం, రెండూ ఆయన తెచ్చినవే. ఎవరికైనా ఇది చాలు. కానీ 2018లో ఆఖరి స్టాపు వచ్చేసింది.

ఆ ఏడే ఏకంగా అమెరికా సెనేట్‌కి, సొంత పార్టీ పెద్దావిడ డయాన్ ఫైన్‌స్టైన్ మీద నిలబడ్డాడు. రాష్ట్ర పార్టీ ఆవిణ్ని కాదని ఈయనకే మద్దతు పలికింది. ఓటర్లు పార్టీ తీర్మానం చదవలేదు కాబోలు, ఈయనకి 46 శాతం దాకా వచ్చి ఆగింది. ఆ 46 శాతమంటే ఎంతో తెలుసా? యాభై లక్షలు దాటిన ఓట్లు. అంత చతురంగ బలం ఉన్న మనిషి రెండేళ్లు తిరక్కుండా, 2020 మార్చిలో, కొన్ని వేల ఓట్లతో తేలిపోయే 14వ డిస్ట్రిక్ట్‌లో పోటీ చేసి మొదటి రౌండ్‌లోనే నెగ్గాడు. సముద్రంలో వల వేసి చిక్కకపోతే చేపల మార్కెట్‌కి వెళ్లి కొనుక్కోవడంలో తప్పేముంది?

అక్టోబరులో కుర్చీ ఎక్కాడు. సరిగ్గా పదకొండు నెలలకి, 2021 సెప్టెంబరులో, మేయర్ పదవికి పోటీ చేస్తున్నానన్నాడు. 2022 జూన్‌లో మూడో స్థానం, ఎనిమిది శాతం లోపు. చివరికి మేయరైంది కరెన్ బాస్. ఆవిడా మాజీ స్పీకరే. చదువు చదువే.

ఆ అక్టోబరులో టేపు బయటపడింది. అంతకు ఏడాది ముందు, కార్మిక సంఘాల సమాఖ్య కార్యాలయంలో నలుగురు కూర్చుని డివిజన్ల సరిహద్దులు ఎలా గీసుకోవాలో మాట్లాడుకున్నారు. కౌన్సిల్ అధ్యక్షురాలు నూరీ మార్టినెజ్, సభ్యుడు గిల్ సెడియో, సమాఖ్య నాయకుడు రాన్ హెరెరా, మన డి లియోన్. ఈ సెడియో ఇంకో పెద్ద పండితుడు. దిగువ సభ, ఎగువ సభ, మళ్లీ దిగువ సభ, ఆపైన నగర కౌన్సిల్, సిటీ బస్సులో అన్ని సీట్లూ మారి కూర్చున్నవాడు. హద్దుల ముచ్చట్లలో పడి, సాటి సభ్యుడు పెంచుకుంటున్న నల్లజాతి పసివాడి గురించి మార్టినెజ్ నీచంగా మాట్లాడింది. డి లియోన్ ఆ బిడ్డను చేతిసంచీతో పోల్చాడు. ఇక్కడ మాత్రం నాకు వ్యంగ్యం రావడం లేదు, ముందుకి పోదాం.

హెరెరా రాజీనామా చేశాడు. మార్టినెజ్ రాజీనామా చేసింది. సెడియో అప్పటికే జూన్‌లో ఓడిపోయి పెట్టె సర్దుకుంటున్నాడు. మిగిలింది ఒక్కడు. దిగిపొమ్మని సాటి సభ్యులన్నారు, సభ అభిశంసించింది, అప్పటి అధ్యక్షుడు బైడెన్ కూడా వీళ్లంతా దిగిపోవాలని భావిస్తున్నారని వైట్ హౌస్ ప్రతినిధి ప్రకటించింది. నిరసనకారులు ఇంటి ముందే గుడారాలు వేశారు. డి లియోన్ క్షమాపణ చెప్పాడు, రాజీనామా చేయలేదు. తాను వెళ్లిపోతే తన ప్రాంత ప్రజలకు ప్రతినిధి లేకుండా పోతాడన్నాడు. ఈ మాట చెప్పి దాదాపు రెండు నెలలు సభకు రాలేదు. రీకాల్, అంటే మధ్యలోనే ఓటేసి దించేయడం, పెట్టాలని జనం చేసిన ప్రయత్నాలు సంతకాల దగ్గరే ఆగిపోయాయి. దేశాధ్యక్షుడు చెప్పినా లేవని మనిషిని క్లిప్‌బోర్డు లేపుతుందా?

2024లో మళ్లీ నిలబడ్డాడు. అంతటి అప్రతిష్ఠ ఉన్న సీటు మీదికి ఎవరొచ్చారో చూడండి. మిగెల్ సాంటియాగో, వెండీ కారియో. ఇద్దరూ అప్పటికి పదవిలో ఉన్న రాష్ట్ర శాసనసభ్యులు! అక్కడ శాసనసభ నుంచి సాయంత్రం బస్సు తప్పకుండా ఇటే వస్తుందని ఇంతకన్నా రుజువేం కావాలి? ఒక కిటికీకి మూడు తువ్వాళ్లు. మార్చిలో ఓట్లు లెక్కపెడితే ఆ ఇద్దరు శాసనసభ్యులూ వెనకబడ్డారు. డి లియోన్ రెండో స్థానం. కొన్ని వందల ఓట్ల తేడాతో పైన నిలిచింది ఇసబెల్ హురాడో అనే లాయరు. అద్దెకుండేవాళ్ల తరఫున కేసులు వాదించే మనిషి. శాసనసభ మొహం చూసింది లేదు, ఏ పదవీ చేసింది లేదు. అక్టోబరులో ఆవిడ టేపు కూడా ఒకటి బయటికొచ్చింది, విద్యార్థుల ముందు పోలీసుల మీద ఒక ర్యాప్ పాట ముక్క అన్నదని. డి లియోన్ దాన్ని గట్టిగానే పట్టుకున్నాడు. టేపుల విషయంలో ఆయనకున్న అనుభవం అటువంటిది.

మొదటి ఇద్దరి మధ్యే జరిగిన రెండో రౌండ్‌లో, నవంబరులో, ఆవిడ 57 శాతంతో గెలిచింది. రాజీనామా లేదు, గుడారాలు లేవు, వైట్ హౌస్ లేదు. జనం బడికెళ్లి, లేదా ఇంట్లోనే బ్యాలెట్ నింపి పోస్టులో పడేసి, ఎవరి పని వాళ్లు చూసుకున్నారు.

ఈ చరిత్రంతా మొన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని మా మాజీ గారికి విన్నవించాను. పింఛను సంగతి ఒక్కటీ దాచాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. జీతం దగ్గర ఒక కన్ను తెరిచారు.

“కార్పొరేటర్‌కా?”

“కార్పొరేటర్‌కే సార్. ఏడాదికి కోటిన్నర పైన.”

చాలాసేపు మాట్లాడలేదు. భుజం మీది కండువా తీసి, దులిపి, మళ్లీ మడత పెట్టుకున్నారు.

“ఏవయ్యా, ఆ పద్నాలుగో డివిజన్ జనరలా, రిజర్వుడా?”