చట్టంలోంచి తొలగించిన కరువు

ఇంగ్లీషులో ‘స్కేర్సిటీ’ అంటే కొరత. నిత్య వ్యవహారానికి ఆ అర్థం చాలు. మన దేశపు ప్రభుత్వ కాగితాల్లో మాత్రం ఆ మాటను ‘ఫామిన్’ (కరువు) అనే మాటకు ఒక మెట్టు కింద నిలబెట్టారు; అధికారి ఏ మాట రాశాడన్న దాన్నిబట్టే జనానికి అందే సాయం ఉండేది.

1876–78 నాటి ధాత కరువులో కడప, బళ్లారి, కర్నూలు సీమలు అల్లాడిపోయాయి. సహాయ పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను (సుమారు 450 గ్రాముల) గింజలకు సరిపడే కూలి, పైన కొద్దిపాటి డబ్బు చాలునని 1877లో వైస్రాయి కరువు ప్రతినిధిగా పంపిన రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. ఆ తిండితో మనిషి బతకలేడని ప్రజారోగ్యం చూసే మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ మహా విషాదం తర్వాతే 1880లో కరువు కమిషన్ నివేదిక, 1883లో ముసాయిదా కరువు నియమావళి వచ్చాయి. కరువని ప్రకటిస్తే పని, కూలి, అశక్తులకు ఉచిత భోజనం ప్రభుత్వ బాధ్యత అవుతాయి. ప్రకటించకపోతే ఆ బాధ్యత లేదు.

1943లో బెంగాల్‌లో సరిగ్గా అదే జరిగింది. లక్షలాది జనం చనిపోతున్నా కరువు ప్రకటన వెలువడలేదు. నియమావళి ప్రకారం ఇవ్వడానికి తిండి తమ వద్ద లేదు గనుకనే దాన్ని అమలు చేయలేదని తాత్కాలిక గవర్నర్ రూథర్‌ఫర్డ్ వైస్రాయికి రాశాడు. నా దృష్టిలో ఇంతకన్నా క్రూరమైన పరిపాలనా తర్కం లేదు.

స్వాతంత్ర్యం తర్వాత 1963లో మహారాష్ట్ర ఏకంగా చట్టం చేసి, తన శాసనాల్లోంచి ‘ఫామిన్’ను తొలగించి ‘స్కేర్సిటీ’ని చేర్చింది. ఇక కరువుకు ఆస్కారమే లేదన్నది దానికి చెప్పిన కారణం. పదేళ్లు తిరగకుండానే 1972–73 అనావృష్టి వచ్చిపడింది. అయితే ఆ రాష్ట్రం చేతులు కట్టుకుని కూర్చోలేదన్నది నిజం: ఉధృత దశలో దాదాపు 50 లక్షల మందికి సహాయ పనులు కల్పించింది, ఉపాధి హామీకి బాట వేసింది. ప్రాణాలు నిలిపింది ఆ పనులే తప్ప మార్చిన మాట కాదు.

మెట్లు కట్టే అలవాటు మాత్రం పోలేదు. 2016 నాటి కేంద్ర కరువు (అనావృష్టి) మాన్యువల్ ప్రకారం కరువు ‘తీవ్రం’ అని తేలితేనే రాష్ట్రం జాతీయ విపత్తు నిధి నుంచి సాయం కోరగలదు. అనంతపురంలో కాయలు కట్టడానికి ఊడలు నేలలోకి దిగే వేళ వాన ముఖం చాటేసి వేరుశనగ ఎండిపోయిన రైతుకు ఇన్‌పుట్ సబ్సిడీ (పంట నష్టానికి ఇచ్చే సాయం), రుణాల రీషెడ్యూలు దక్కడం కరువు మండలాల జాబితా మీద ఆధారపడి ఉంటుంది. వర్షపాతం, నేల తేమ, సాగు విస్తీర్ణాలకు దీటుగా, ఊరు విడిచి వలసపోయిన కుటుంబాలను, సంతలో తెగనమ్మిన పశువులను కూడా ఆ జాబితా తయారీలో లెక్కించాలి.