సవరణ: నేరుగా వెళ్లేటప్పుడు హజార్డ్ లైట్లు వేయకూడదు

వానాకాలంలో కారు నడపడం గురించి ఇంతకుముందు రాసినప్పుడు, కూడలిలో నేరుగా వెళ్లదలచినవారూ, జోరువానలో ప్రయాణించేవారూ హజార్డ్ లైట్లు, అంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మిణికే దీపాలు, వేసుకోవాలని సూచించాను. ఆ రెండూ తప్పు సూచనలు. హైవే మీద పదిమందీ చేస్తున్నది చూసి అదే పద్ధతి అనుకోవడం నా పొరపాటు.

బండి చెడిపోయి రోడ్డు మీద ఆగినప్పుడు వెనుక వచ్చేవారిని హెచ్చరించడం ఆ దీపాల అసలు పని. కూడలిలో వాటిని వేస్తే, ఎడమవైపు రోడ్డు మీద ఎదురుచూస్తున్న మోటారు సైకిలు నడిపే వ్యక్తికి మన కారు ఎడమ ఇండికేటర్లే ప్రధానంగా కనిపిస్తాయి కాబట్టి, మనం అటే తిరుగుతున్నామనుకొని అతడు ముందుకు వచ్చేయవచ్చు. నేరుగా వెళ్లడానికి ఏ ఇండికేటరూ అక్కరలేదు.

వానలో చిక్కు వేరు. నాలుగు దీపాలూ మిణుకుతుండగా లేన్ మారడానికి ఇండికేటర్ వేసినా చాలా కార్లలో అది విడిగా తెలియదు. ముందున్న బండి కదులుతోందో ఆగిపోయిందో కూడా వెనుకవారికి అర్థం కాదు. అందువల్ల హెడ్‌లైట్లను లో బీమ్‌లో వేసుకోవాలి, అప్పుడు వెనుక ఎర్రదీపాలు కూడా వెలుగుతాయి. పగటిపూట వాటంతట అవే వెలిగే దీపాలు చాలా కార్లలో ముందువైపుకే పరిమితం కనుక వాటిని నమ్ముకోకూడదు. హై బీమ్ వేస్తే ఆ కాంతి చినుకుల మీద పడి మన కళ్లలోకే తిరిగి వస్తుంది.

దారి బొత్తిగా కనిపించకపోతే రోడ్డు పూర్తిగా దిగి సురక్షితమైన చోట ఆపాలన్న మాటలో మార్పు లేదు. హజార్డ్ లైట్లు వేయవలసింది అలా ఆపిన తరువాతే.